2022కి ముందు లెక్కలు ఎక్కడికీ పోలేదు, జిల్లా పేరు మార్చి చూడండి

అన్నా, ఇండియా-డబ్ల్యూఆర్ఐఎస్‌లో (కేంద్రం నడిపే జలవనరుల సమాచార వెబ్‌సైట్) తిరుపతి జిల్లా అని కొడితే శ్రీకాళహస్తి, గూడూరు వైపు బావుల పాత నీటిమట్టాలు రావట్లేదని, దొరికినవన్నీ నలుగురికీ పనికొచ్చేలా నెట్‌లో ఎలా పెట్టాలని అడిగారు కదా.

తిరుపతి జిల్లా పుట్టిందే 2022 ఏప్రిల్ 4న. అంతకుముందు శ్రీకాళహస్తి చిత్తూరు జిల్లాలో, గూడూరు నెల్లూరులో ఉండేవి. కాబట్టి పాత ఏళ్లకు ఆ రెండు జిల్లాలూ విడివిడిగా దించుకోండి. తర్వాత పాత, కొత్త ఫైళ్లను ఒకటిగా అతకడం దగ్గరే అసలు తలనొప్పి. ఊరి పేరు నమ్ముకోవద్దు. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో ఫైల్లో ఒక్కోలా ఉంటుంది, ఒకే బావి రెండు బావులైపోతుంది. అక్షాంశ, రేఖాంశాలు పట్టుకుని కలపండి.

ఇంకోటి, ఆ అంకెలు నేలమట్టం నుంచి ఎన్ని మీటర్ల లోతున నీళ్లున్నాయో చెప్పేవి. 6 నుంచి 14 అయితే నీళ్లు పెరిగినట్టు కాదు, దిగిపోయినట్టు. గ్రాఫ్ గీస్తే లోతు చూపే నిలువు గీతను తలకిందులు చేయండి, సున్నా పైన ఉండాలి, లేకపోతే చూసినవాళ్లు కరువును వరద అనుకుంటారు.

నెట్‌లో పెట్టేటప్పుడు పీడీఎఫ్ వద్దు, స్క్రీన్‌షాట్ అసలే వద్దు. సీఎస్‌వీ (ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా తెరుచుకునే సాదా పట్టిక ఫైలు) చాలు. కొలిచిన తేదీ, యూనిట్, ఎక్కడినుంచి తీసుకున్నారో ప్రతి వరుసలో ఉండాలి. పాత జిల్లా, కొత్త జిల్లా రెండు గడులు పెట్టండి.

అప్పటికీ కొన్ని నెలలు దొరక్కపోతే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కాగితాల కట్ట కాకుండా ఎలక్ట్రానిక్ రూపంలోనే కావాలని రాయండి, చట్టం సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇచ్చింది.