రైల్వే సిబ్బందిని ఫోటో తీస్తే నేరమా?

ప్రశ్న: మాది గుంటూరు. మందుల షాపులో పని చేస్తాను. చిన్నప్పటి నుంచీ రైళ్లంటే ప్రాణం. నాలుగేళ్లుగా సెలవు దొరికినప్పుడల్లా విజయవాడ, కృష్ణా కెనాల్, నల్లపాడు తిరిగి లోకో పైలట్లను, గార్డులను, పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మెన్‌ను ఫోటోలు తీస్తున్నాను. పన్నెండు ఫోటోలతో కేలండర్ వేసి అమ్మాలనుకుంటున్నాను. ఈమధ్య ఒక స్టేషన్లో యూనిఫాంలో ఉన్న ఒకాయన ‘ఇది నేరం’ అని బెదిరించి, దగ్గరుండి ఫోటోలు డిలీట్ చేయించారు. నిజంగా నేరమేనా? కేలండర్ వేయొచ్చా? అందులో ఒక ఫోటో ఆగి ఉన్న ఇంజన్ కేబిన్లో, తెలిసిన లోకో పైలట్ పిలిస్తే ఎక్కి తీసింది.

జవాబు: పని చేసుకుంటున్న రైల్వే మనిషిని ఫోటో తీయడమే నేరమని చెప్పే సెక్షన్ 1989 నాటి రైల్వే చట్టంలో లేదు. ముందు ఆ భయం తీసేసుకోండి. కానీ మీరు ఎక్కడ నిలబడి తీశారు, తీసింది ఎక్కడికి పంపారు అన్న రెండు చోట్లా చిక్కులు ఉన్నాయి.

నిలబడే చోటు సంగతి 147వ సెక్షన్ చూస్తుంది. అనుమతి లేకుండా రైల్వే స్థలంలోకి వెళ్తే ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మీరు కొనే పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్ ప్లాట్‌ఫారం వరకే. అంచు దిగి కంకర మీద కాలు పెడితే ఆ టికెట్ మిమ్మల్ని కాపాడదు. ‘గ్యాంగ్ వాళ్లే రమ్మన్నారండీ’ అన్నా చెల్లదు, ఎందుకంటే మిమ్మల్ని పట్టాల మీదికి అనుమతించే అధికారం వాళ్లకు లేదు. అదే సెక్షన్‌లో చాలామంది చూడని ముక్క ఇంకొకటి ఉంది. సక్రమంగా లోపలికి వచ్చినవాళ్లు కూడా, వెళ్లిపొమ్మన్నాక వెళ్లకపోతే అదే నేరం కిందికి వస్తారు. స్టేషన్ రోడ్డు లాంటిది కాదు, రైల్వే వారి ఆస్తి. స్టేషన్ మేనేజర్ గానీ ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షక దళం) వారు గానీ ఆపమంటే అక్కడికి ఆపేయండి. మాటా మాటా పెరిగితే, విధుల్లో ఉన్న రైల్వే ఉద్యోగిని అడ్డుకున్నారని 146వ సెక్షన్ కూడా వచ్చి చేరుతుంది.

ఆపమనడం వేరు, చెరిపేయమనడం వేరు. తీసిన ఫోటోను అక్కడికక్కడే డిలీట్ చేయించే అధికారం ఏ సెక్షనూ ఇవ్వలేదు. నిజంగా అది నేరమైతే ఆ ఫోటోయే సాక్ష్యం, సాక్ష్యాన్ని చెరిపించకూడదు. నేరం కాకపోతే చెరిపించే పనే లేదు. మళ్లీ అలా జరిగితే పేరు చెప్పండి, టికెట్, గుర్తింపు కార్డు చూపించండి, ‘ఏ సెక్షన్ కింద సార్?’ అని మర్యాదగా అడగండి. పోలీసులు ఫోను తీసుకుంటే పంచనామా, రసీదు అడగండి. సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 105వ సెక్షన్ చెబుతోంది.

అధికార రహస్యాల చట్టం పేరు కూడా కొందరు ఎత్తుతారు. 1923 నాటి ఆ చట్టం కింద ఒక రైలు మార్గం నిషిద్ధ స్థలం కావాలంటే కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించాలి, ఆ ప్రకటన ప్రతిని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అక్కడ అంటించాలి. అయినా ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ట్యాంకులు, ఫిరంగులు ఎక్కించుకున్న మిలటరీ స్పెషల్ కనబడితే కెమెరా సంచిలో పెట్టేయండి.

చట్టానికి ముందు ప్రాణం. పైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది, సెల్ఫీ కర్ర ఎత్తకండి. రాత్రిపూట ఎదురొచ్చే ఇంజన్ మీదికి ఫ్లాష్ కొట్టకండి. లోకో పైలట్‌ను పలకరించాలని రెండు చేతులూ తల పైకి ఎత్తకండి. ఎర్రజెండా లేనప్పుడు రైలును ఆపడానికి చూపే చేతి సంకేతం అదే. ఒక్క చెయ్యి ఊపితే చాలు.

ఇక ఆ ఫోటోలో ఉన్న మనిషి సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇదే. కొన్నేళ్ల క్రితం ఒక గ్యాంగ్‌మన్ ఎస్‌ఎఫ్-11 ఛార్జిషీటు (చిన్న శిక్షల కోసం రైల్వే ఇచ్చే అభియోగ పత్రం) చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు ఒకరోజు మధ్యాహ్నం అన్నం వేళ చెట్టు నీడన బూట్లు విప్పి, టిఫిన్ డబ్బా తెరిచి కూర్చున్నాడు. పక్కన గునపం పడుంది. ఎవరో తీసిన ఫోటో, ‘డ్యూటీలో ఇదీ వీళ్ల పని’ అన్న రాతతో వాట్సాప్‌లో తిరిగి తిరిగి అధికారి ఫోనుకు చేరింది. ఫోటోలో టైము లేదు. ఎండలో కంకర మీద నడిచి నడిచి పాదాలు పొక్కిపోయిన సంగతీ లేదు. పది రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంక్రిమెంటు పోతుందేమోనని ఆ పది రోజులూ ఆయన నిద్రపోలేదు. ఫోటో తీసినవాడికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

అందుకే అడిగి తీయండి. ‘బాబాయ్, ఒక ఫోటో తీసుకోనా?’ అంటే చాలామంది చొక్కా సర్దుకుని మరీ నిలబడతారు. వద్దంటే వదిలేయండి. కునుకు తీస్తున్నవాళ్లను, ఫోన్ మాట్లాడుతున్నవాళ్లను, బట్టలు మార్చుకునే చోటును, రైలు నడిపే సిబ్బంది విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమును అసలు తీయకండి. మహిళా సిబ్బంది విషయంలో మరింత జాగ్రత్త. వద్దన్నా వెంటపడి మాట కలపాలని చూస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 78వ సెక్షన్ కింద వెంబడించిన నేరం అవుతుంది.

కేలండర్ విషయానికి వస్తే, ఫోటో మీద కాపీరైటు మీదే, ముఖం మీద హక్కు మాత్రం ఆ మనిషిది. ఒకరి పేరునో రూపాన్నో వాళ్ల అనుమతి లేకుండా వాడుకోవడం గోప్యతను భంగపరచడమేనని 1994లో రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా నిలబెట్టారు. మీరు అమ్ముతున్నారు కాబట్టి, ముఖం ఆనవాలు పట్టగలిగిన ప్రతి ఒక్కరి దగ్గరా తెలుగులో రాసిన కాగితం తీసుకోండి. ‘ఈ ఫోటోను కేలండర్‌లో వేయడానికి నాకు ఇష్టమే’ అని రాసి, ఫోటో చూపించి, తేదీతో సంతకం చేయించుకుంటే సరిపోతుంది. డబ్బు ఇవ్వకండి. రైల్వే ఉద్యోగి బయటి రాబడికి తన ప్రవర్తనా నియమాల కింద సంజాయిషీ చెప్పుకోవలసి రావచ్చు. ఫ్రేము కట్టించిన ఫోటో ఒకటి ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి.

ప్రెస్సుకు ఇచ్చే ముందు రైల్వేకు కూడా అర్జీ పెట్టండి. నల్లపాడు గుంటూరు డివిజన్, కృష్ణా కెనాల్ విజయవాడ డివిజన్, కాబట్టి రెండు డీఆర్‌ఎం (డివిజనల్ రైల్వే మేనేజర్) ఆఫీసుల్లోనూ ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. అట్ట మీద రైల్వే చిహ్నం వేయకండి, అది ప్రభుత్వ కేలండర్ అనుకుంటారు.

ఆ కేబిన్ ఫోటో మాత్రం తీసేయండి. అది బయటపడితే మీకు 147 కింద వెయ్యి రూపాయలతో పోవచ్చు. మిమ్మల్ని పైకి పిలిచిన మనిషికి ఉద్యోగం మీదికే వస్తుంది. ఇప్పటికే ఎవరికైనా పంపి ఉంటే, ఈ పూటే ఫోన్ చేసి తీసేయమని అడగండి.