పెళ్లి ఆపిన మర్నాటి నుంచి మొదలయ్యే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి నంద్యాలలో బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో బాల్య వివాహాల మీద జరిగిన అవగాహన సదస్సుకి వెళ్లొచ్చినప్పటి నుంచి, పిల్లల రక్షణ కోసం పనిచేసే ఉద్యోగమే చేస్తానని పట్టుబడుతోంది. బీఈడీ చేయిస్తే డీఎస్సీ రాసుకుంటుందని నా ఆలోచన. ఆ రంగంలో ఉద్యోగాలున్నాయా? ఏం చదవాలి? రోజూ అలాంటి కేసులే చూస్తుంటే దాని మనసు ఏమైపోతుందోనని వాళ్లమ్మకు టెన్షన్.
- ఒక తండ్రి, ఆళ్లగడ్డ

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది మంచి దారి. మీ ఇద్దరి భయాలూ సబబైనవే. ముందు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. జీతాల సంగతి తర్వాత చూద్దాం.

సదస్సుల్లో ఎక్కువగా వినిపించేది పెళ్లి ఆపిన రోజు కథ. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ వస్తుంది. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ వాళ్లు, పోలీసులు, సచివాలయం మహిళా పోలీసు కలిసి వెళ్తారు. పెద్దల దగ్గర హామీ రాయించుకుంటారు, పందిరి విప్పేస్తారు. అసలు ఉద్యోగం మర్నాడు మొదలవుతుంది. ఆ పదహారేళ్ల పిల్ల ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ పక్కన కూర్చుని, పెళ్లికి ఎందుకు తొందరపడ్డారో తెలుసుకోవాలి. తండ్రి మిరపకోతలకు వలస వెళ్లి ఉండొచ్చు. కాలేజీ దారిలో ఎవడో వెంటపడుతుంటే తల్లికి రాత్రుళ్లు నిద్ర పట్టకపోయి ఉండొచ్చు. అప్పిచ్చినవాడి కొడుకుతోనే సంబంధం కుదిరి ఉండొచ్చు. కారణం పట్టుకోకుండా వెనక్కి వచ్చేస్తే మూడు నెలలు తిరక్కుండా వేరే ఊళ్లో గుట్టుగా ముహూర్తం పెట్టేస్తారు. కస్తూర్బా విద్యాలయంలో సీటు ఇప్పించడం, రక్షణ అవసరమైన పిల్లల విషయం తేల్చే బాలల సంక్షేమ కమిటీ ముందు పిల్ల తన మాట తాను చెప్పుకునేలా ధైర్యం ఇవ్వడం, ఆరు నెలల తర్వాత కూడా ఆ గుమ్మం తొక్కడం, ఇదంతా ఉద్యోగమే.

దీనికి జాలిగుండె ఒక్కటే చాలదు. శిక్షణ కావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒంటి మీద వాతలున్న పిల్లాణ్ని పట్టుకుని "మీ మామయ్యే కదా కొట్టింది?" అని అడిగామనుకోండి, భయపడిన పిల్లాడు తలూపేస్తాడు. రేపు కోర్టులో ఆ మాట నిలబడదు. కొట్టింది ఇంకెవరో అయితే వాడు తప్పించుకుంటాడు. "ఏం జరిగిందో నీకు చెప్పాలనిపించినంత చెప్పు నాన్నా" అని అడిగి, ఆ తర్వాత నోరు కట్టుకుని కూర్చోవడం సాధనతోనే వస్తుంది. రాసేటప్పుడు పిల్లాడి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. మన భాషలోకి మార్చి, నగిషీలు చెక్కి రాయకూడదు.

ఇంకొక చిక్కు ఉంది. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి అక్కా, అప్పుడే చెబుతా" అంటారు కొందరు పిల్లలు. కొత్తవాళ్లు ప్రేమకొద్దీ ఒట్టేస్తారు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా పోలీసులకు చెప్పకపోవడం, అలాంటి నేరాల కోసమే ఉన్న పోక్సో చట్టంలోని 19, 21 సెక్షన్ల ప్రకారం నేరం. అంటే వేసిన ఒట్టు తప్పక తప్పదు. ఒకసారి మోసపోయిన పిల్ల రెండోసారి మోసపోయినట్టవుతుంది. శిక్షణ పొందినవాళ్లు అలాంటప్పుడు ఇలా అంటారు: "చెప్పనని మాటివ్వలేనమ్మా. కానీ ఎవరికి చెబుతానో, ఎందుకు చెబుతానో ముందు నీకే చెబుతాను." ఒక్క వాక్యమే, కానీ ఇది నోటికి రావడానికి నెలలు పడుతుంది.

ఇక చదువు. ఏ డిగ్రీ చేసినవాళ్లయినా సోషల్ వర్క్‌లో పీజీ అయిన ఎంఎస్‌డబ్ల్యూలో చేరొచ్చు, కాబట్టి బీఎస్సీ అడ్డం కాదు. మన దగ్గర విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, తిరుపతిలో పద్మావతి మహిళా యూనివర్సిటీ, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ ఉన్నాయి. వీటికి ఏపీ పీజీసెట్ అనే రాష్ట్ర ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ ఉంది. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో పిల్లలు, కుటుంబాల మీదే ప్రత్యేకంగా సోషల్ వర్క్ ఎంఏ నడుస్తోంది. దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ దరఖాస్తులు డిసెంబరు, జనవరిల్లోనే మొదలైపోతున్నాయి, గమనించుకోండి.

కాలేజీ పేరు కంటే ఫీల్డ్‌వర్క్ ఎలా జరుగుతుందో చూసి ఎంచుకోమని నా గట్టి సలహా. చాలా చోట్ల వారానికి రెండు రోజులు ఫీల్డ్‌వర్క్ అని కాగితం మీద ఉంటుంది. సీనియర్లను వెతికి పట్టుకుని అడగమనండి: ఏ సంస్థకు పంపించారు? మీరు రాసిన రిపోర్టు సార్ నిజంగా చదివి, ఎర్రపెన్నుతో దిద్దారా? సంతకాల కోసమే తిరిగారా? బాలల సంక్షేమ కమిటీకి ఇచ్చే సామాజిక విచారణ నివేదిక మీదే పిల్లాడు ఇంట్లో ఉండాలా, పిల్లల హోమ్‌కు వెళ్లాలా అన్నది చాలావరకు ఆధారపడుతుంది. "ఇల్లు అపరిశుభ్రంగా ఉంది, తల్లికి బాధ్యత లేదు" అని రాస్తే అది తీర్పు. "ఒకే గది, తల్లి తెల్లవారుజామున కూలికి వెళ్తుంది, ఇద్దరు చిన్నపిల్లల్ని పదేళ్ల అక్క చూసుకుంటోంది, అక్క జూన్ నుంచి బడికి వెళ్లడం లేదు" అని రాస్తే ఆ ఇంటికి ఏం కావాలో కమిటీకి అర్థమవుతుంది.

ఆ ఇంటికి ఏం ఇవ్వొచ్చో కూడా తెలిసి ఉండాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లల్ని హోమ్‌లో పెట్టడం ఆఖరి మార్గం. పిల్లల రక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద అర్హత ఉన్న పిల్లలకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలుంది. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. భర్త పోయిన తల్లి పిల్లల్ని సాకలేక హాస్టల్‌లో, హోమ్‌లో వదిలేయాలనుకున్నప్పుడు, ఈ సంగతి తెలిసి దరఖాస్తు చేయించే ఒక్క మనిషి ఉంటే ఆ పిల్లలు అమ్మ దగ్గరే పెరుగుతారు. ఈ రంగంలో నాకు అన్నిటికంటే గౌరవం ఉన్నది ఈ పని మీదే. పేపర్లో ఫొటో కూడా రాదు దీనికి.

ఉద్యోగాల విషయం దాచకుండా చెబుతాను. జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో ఎక్కువ పోస్టులు కాంట్రాక్టువే. మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం నెలకు ఔట్‌రీచ్ వర్కర్‌కు 10,592, సోషల్ వర్కర్‌కు, కౌన్సెలర్‌కు 18,536, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804 రూపాయలు. చేసే పనికి ఇది తక్కువే, అందులో వాదన లేదు. స్వచ్ఛంద సంస్థల్లో జీతాలు సంస్థను బట్టి మారతాయి. ఐసీడీఎస్ సూపర్‌వైజర్, సీడీపీవో (ఐసీడీఎస్ ప్రాజెక్టు అధికారి) నోటిఫికేషన్లు పడినప్పుడు సోషల్ వర్క్ చదివినవాళ్లకు అవకాశం ఉంటుంది, వాటి మీదా కన్నేసి ఉంచాలి. పోక్సో కేసుల్లో పిల్లల వెంట ఉండి పోలీస్ స్టేషన్ నుంచి కోర్టు దాకా నడిపించే సపోర్ట్ పర్సన్ల అవసరం కూడా పెరుగుతోంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించాక వాళ్ల అర్హతలకు, శిక్షణకు పట్టింపు వచ్చింది.

శిక్షణ పీజీతో అయిపోదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉన్న సంవాద్ విభాగం పిల్లలతో పనిచేసేవాళ్లకు ఆన్‌లైన్‌లోనూ శిక్షణ ఇస్తుంది. నిమ్హాన్స్ చైల్డ్ ప్రాజెక్ట్ వెబ్‌సైట్‌లో మాన్యువళ్లు, పిల్లలను మాట్లాడించే ఆటలు ఉచితంగా దొరుకుతాయి, అమ్మాయి ఈ వారమే తెరిచి చూడొచ్చు. చట్టాలు ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. పోక్సో, బాలల న్యాయ చట్టం, 2006 బాల్య వివాహ నిషేధ చట్టం, ఈ మూడూ గైడ్లలో కాకుండా మూలంలోనే చదవమనండి.

వాళ్లమ్మగారి టెన్షన్ గురించి. ఈ పనిలో మనసు అలిసిపోవడం నిజం. అయితే చూసింది ఎవరితోనూ చెప్పుకోలేక, తప్పంతా తనదేననుకుని ఒంటరిగా మోసేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. పిల్లల వివరాలు బయటపెట్టకూడదు కాబట్టి ఇంట్లో కూడా అన్నీ చెప్పుకోవడం కుదరదు. అందుకే కేసు గురించి కూర్చుని మాట్లాడే సీనియర్ ఆఫీసులో ఉండాలి. రేపు ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు మీ అమ్మాయే ధైర్యంగా అడగాలి: నా సూపర్‌వైజర్ ఎవరు, ఒకేసారి ఎన్ని కేసులిస్తారు, రాత్రిపూట వెళ్లాల్సి వస్తే తోడెవరు, బండి ఎవరిస్తారు? వీటికి నీళ్లు నమిలే చోట చేరొద్దు. నిద్ర పట్టని రోజులు వరసగా వస్తుంటే మానసిక సమస్యల ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

బీఈడీ మాటకొస్తే, టీచరైనా పిల్లల్ని కాపాడగలదు, అది చిన్న పనేం కాదు. కానీ మనసు ఇటుంటే మీ కోసం అటు పంపకండి. ఈ లోపు సెలవుల్లో రెండు నెలలు ఏదైనా బాలల సంస్థలో వలంటీరుగా పనిచేయనివ్వండి. విజయవాడలో 1989 నుంచి వీధి పిల్లల కోసం పనిచేస్తున్న నవజీవన్ బాల భవన్ లాంటి చోట అడిగి చూడొచ్చు. నంద్యాలలో జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆఫీసుకు మీరే వెంటబెట్టుకుని వెళ్లి, ఎవరికి సాయం కావాలో కనుక్కోండి. వెళ్లే ముందు ఒక్క మాట చెప్పండి: అక్కడి పిల్లలతో సెల్ఫీలు దిగి స్టేటస్ పెట్టకూడదు. వాళ్ల గుర్తింపు బయటపెట్టడం చట్టప్రకారం నేరం.

రెండు నెలల తర్వాత కూడా ఇదే కావాలంటే పీజీసెట్ ఫీజు కట్టేయండి.