డెంగీకి టీకా ఎప్పుడు, మందు ఎప్పుడు?

వానలు మొదలైన దగ్గర్నుంచీ ఈ శీర్షికకు వస్తున్న ప్రశ్నల్లో ఎక్కువ భాగం దోమల జ్వరాల గురించే. నలుగురికీ పనికొచ్చేవి ఏరి ఈసారి వాటికే చోటిచ్చాను.

ప్ర: పోలియోకి చుక్కలు ఉన్నాయి, మీజిల్స్‌కి టీకా ఉంది, కరోనాకైతే ఏడాదిలో తెచ్చారు. ఏటా ఇంతమంది పిల్లల్ని ఆస్పత్రి పాలు చేసే డెంగీకి మన టీకాల పట్టికలో చోటెందుకు లేదు డాక్టర్ గారూ? డబ్బున్న దేశాల జబ్బు కాదనా?
– ఒక తల్లి, హనుమకొండ

జ: అదీ ఒక కారణమేనమ్మా, దాని సంగతి కింద మాత్రల దగ్గర చెబుతాను. టీకా ఆలస్యానికి అసలు కారణం మాత్రం ఆ వైరస్ తీరులోనే ఉంది. జపాన్‌లో కిమురా, హొత్తా అనే శాస్త్రవేత్తలు 1943లోనే నాగసాకిలో దాన్ని వేరుచేశారు. ఆ మరుసటి ఏడాది ఆల్బర్ట్ సేబిన్, అంటే పోలియో చుక్కల సేబినే, మన కలకత్తాలో జబ్బుపడిన అమెరికా సైనికుల రక్తంలోంచి కూడా పట్టుకున్నారు. వైరస్ చేతికి చిక్కి 80 ఏళ్లు దాటింది.

చిక్కు ఏమిటంటే అందులో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గితే అదే రకం మళ్లీ దాదాపుగా రాదు, మిగతా మూడూ రావచ్చు. అంతవరకే అయితే ఏదోలా సర్దుకునేవాళ్లం. కానీ రెండోసారి వేరే రకం సోకినప్పుడు, మొదటిసారి తయారైన యాంటీబాడీలు కొత్త వైరస్‌కి అతుక్కుంటాయి గానీ దాన్ని అణచలేవు, పైగా కొన్ని తెల్లరక్తకణాల్లోకి దాన్ని అవే చేరవేస్తాయి, అక్కడ అది ఇంకా ఎక్కువగా పెరుగుతుంది. అందుకే మొదటి డెంగీ కంటే రెండో డెంగీకి మేం ఎక్కువ భయపడతాం. థాయ్‌లాండ్‌లో పిల్లల కేసులు చూసిన స్కాట్ హాల్‌స్టెడ్ అనే డాక్టర్ 1960లలోనే దీన్ని గమనించారు.

ఇక టీకా చేసేవాళ్ల ఇబ్బంది చూడండి. నాలుగు రకాల మీదా ఒకేసారి, ఏళ్ల తరబడి నిలిచే రక్షణ ఇవ్వాలి. ఒకటి రెండింటి మీద బాగా, మిగతావాటి మీద అరకొరగా పనిచేసిందనుకోండి, ఆ టీకాయే బిడ్డకు మొదటి డెంగీ వచ్చినట్టు లెక్క అయిపోయి, తర్వాత దోమ కుట్టి వచ్చేది రెండో డెంగీ అవుతుంది. ఇది ఊహించి చెబుతున్నది కాదు, ఫిలిప్పీన్స్‌లో ఇలాంటిదే జరిగింది.

సనోఫీ కంపెనీ ఎల్లో ఫీవర్ టీకా వైరస్ ఆధారంగా డెంగ్‌వాక్సియా అనే టీకా చేసి, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల్లో 30 వేల మందికి పైగా పిల్లల మీద పరీక్షించింది. 2015 డిసెంబరులో అనుమతులు వచ్చాయి. 2016 ఏప్రిల్‌లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం బడి పిల్లలకు వేయడం మొదలుపెట్టింది, 8 లక్షల మందికి పైగా వేసింది. 2017 నవంబరులో కంపెనీయే ఒక ప్రకటన చేసింది. అంతకుముందు డెంగీ వచ్చినవాళ్లకు టీకా మేలు చేస్తోంది, ఎన్నడూ రానివాళ్లకు మాత్రం తర్వాత డెంగీ సోకితే అది తీవ్రంగా మారే ముప్పు పెరుగుతోంది అని. బడుల్లో వేసేటప్పుడు ఎవరికి ముందు వచ్చిందో, ఎవరికి రాలేదో రక్తపరీక్ష చేసి చూడలేదు. అప్పటికే బిడ్డ చేతికి టీకా వేయించేసిన తల్లిదండ్రులు ఆ వార్త విని ఎంత అల్లాడిపోయి ఉంటారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

నష్టం డెంగీతో ఆగలేదు. టీకాలు ముఖ్యమని గట్టిగా నమ్మేవాళ్లు ఆ దేశంలో 2015లో 93 శాతం ఉంటే 2018 నాటికి 32 శాతానికి పడిపోయారని ఒక సర్వేలో తేలింది. 2019లో అక్కడ మీజిల్స్ విజృంభించింది. ఒక టీకా విషయంలో పడిన తొందర, దశాబ్దాలుగా ప్రాణాలు నిలబెడుతున్న వేరే టీకాల మీద నమ్మకాన్ని కూడా ఊడ్చేసింది, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది ఇదే. అందుకే డెంగీ టీకాకి ఇంకా ఎన్నాళ్లు అని అడిగితే, ఎన్నాళ్లు పట్టాలో అన్నాళ్లూ పట్టనివ్వండి అనే అంటాను.

ఇప్పుడు ముందున్నవి రెండు. జపాన్ కంపెనీ టకేడా చేసిన క్యూడెంగాను మూడు నెలల తేడాతో రెండు డోసులుగా ఇస్తారు. 2022లో ఇండోనేషియాలో, తర్వాత ఐరోపాలో అనుమతి వచ్చింది, 2024లో బ్రెజిల్ ప్రభుత్వం ఉచితంగా వేయడం మొదలుపెట్టింది. మన హైదరాబాద్ సంస్థ బయోలాజికల్-ఇ దీన్ని ఏడాదికి 5 కోట్ల డోసుల దాకా తయారుచేసేందుకు 2024 ఫిబ్రవరిలో టకేడాతో చేతులు కలిపింది. ఆస్పత్రిలో చేరే పరిస్థితిని ఈ టీకా బాగానే తగ్గిస్తోంది. అయితే ముందెప్పుడూ డెంగీ రానివాళ్లలో మూడో రకం మీద దాని ప్రభావం పరీక్షల్లో కనబడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా డెంగీ చాలా ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకే దీన్ని సూచించింది.

రెండోది అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో పుట్టింది. వైరస్ జన్యుపదార్థం చివరి భాగంలో 30 అక్షరాలు తీసేస్తే అది బలహీనపడుతుందని అక్కడివాళ్లు కనిపెట్టారు. మూడు రకాల్ని అలా తయారుచేసి, రెండో రకం పైపొర ప్రొటీన్లను మాత్రం బలహీనపరిచిన నాలుగో రకంలో అమర్చారు. ఇది ఒక్క డోసు చాలు. బ్రెజిల్‌లో బుటాంటన్ సంస్థ 16 వేల మందికి పైగా జనంతో చేసిన ట్రయల్‌లో రెండేళ్లకు దాదాపు 80 శాతం రక్షణ కనిపించింది, ముందు డెంగీ రానివాళ్లలో కూడా 73 శాతం పైనే. కాకపోతే ఆ రెండేళ్లలో అక్కడ 3, 4 రకాలు తిరగలేదు, వాటి సంగతి అప్పుడు తేల్చడం కుదరలేదు.

ఆ ఎన్‌ఐహెచ్ వైరస్‌లతోనే మన దేశంలో పనేసియా బయోటెక్ డెంగీఆల్ అనే టీకా చేసింది. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్‌తో కలిసి మూడో దశ ట్రయల్‌ను 2024 ఆగస్టు 14న రోహ్‌తక్‌లో మొదలుపెట్టారు. 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని 19 కేంద్రాల్లో 10,335 మంది పెద్దవాళ్లను తీసుకుని, ఒక్కొక్కరినీ రెండేళ్లు గమనించేలా ప్లాన్ చేశారు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్, పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ కూడా ఇదే దారిలో ఉన్నాయి. టీకా వేశాక రెండేళ్లు ఎదురుచూడటం ఎందుకని మీకు అనిపించవచ్చు. డెంగ్‌వాక్సియా పరీక్షల్లో చిన్న పిల్లల్లో తేడా బయటపడింది మూడో ఏడాదిలోనమ్మా.

ప్ర: మెదడువాపు కూడా దోమ వల్లే వస్తుంది కదా సార్, దానికి టీకా సులువుగా ఎలా దొరికింది?
– ఇంటర్ విద్యార్థి, ఖమ్మం

జ: నువ్వు అడుగుతున్నది జపనీస్ ఎన్‌సెఫలైటిస్ గురించి. ఆ వైరస్‌కి ఒక టీకాతో పని జరుగుతుంది, డెంగీలాగా నాలుగు రకాల గొడవ లేదు. భారత్ బయోటెక్ 2013లో తెచ్చిన జెన్‌వాక్ టీకా అయితే కర్ణాటకలోని కోలార్‌లో దొరికిన వైరస్‌తోనే చేశారు. ఇంకో తేడా కూడా ఉంది. అది పందులు, కొంగల్లాంటి నీటి పక్షుల మధ్య తిరిగే వైరస్, మనిషికి సోకితే అక్కడితో ఆగిపోతుంది. డెంగీకి పందులూ అక్కర్లేదు, పొలాలూ అక్కర్లేదు, ఒక మనిషి, ఒక దోమ, ఇంకో మనిషి ఉంటే చాలు.

ప్ర: మా తమ్ముడికి డెంగీలో ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. బొప్పాయి ఆకు రసం పోశాం, రెండు రోజుల్లో పెరిగాయి. అందులో వైరస్‌ని చంపే గుణం ఉందని మా బంధువులు అంటున్నారు, నిజమేనా?
– ఒక అక్క, గుంటూరు

జ: తమ్ముడు కోలుకున్నందుకు సంతోషం. కానీ డెంగీలో ప్లేట్‌లెట్లు వారం తిరిగేసరికి చాలామందిలో వాటంతట అవే పెరుగుతాయి, ఆ సమయానికి ఏం తాగించినా పేరు దానికే వస్తుంది. బొప్పాయి ఆకు మీద కొన్ని చిన్న అధ్యయనాల్లో ప్లేట్‌లెట్లు కాస్త త్వరగా పెరిగినట్టు కనిపించిన మాట నిజమే. దానివల్ల రక్తస్రావం గానీ, షాక్ (బీపీ ప్రమాదకరంగా పడిపోవడం) గానీ, మరణాలు గానీ తగ్గాయని ఎక్కడా రుజువు కాలేదు. అసలే వాంతులవుతున్న మనిషికి ఆ చేదు రసం పట్టిస్తే తాగిన కాసిని నీళ్లూ బయటికొచ్చేస్తాయి.

ఇంటిల్లిపాదీ ప్లేట్‌లెట్ల అంకె చుట్టూ తిరుగుతుంటారు, ప్రాణం తీసేది చాలాసార్లు అది కాదు. కొత్త కుండ చెమర్చినట్టు సన్నటి రక్తనాళాల్లోంచి రక్తంలోని నీరు బయటికి ఊరిపోతుంది, ఒంట్లో రక్తం చిక్కబడుతుంది, బీపీ పడిపోతుంది. రిపోర్టులో పీసీవీ లేదా హెమటోక్రిట్ అని ఉండే అంకె పెరుగుతోందంటే దాని అర్థం ఇదే, డాక్టర్‌ని ఆ అంకె గురించి కూడా అడగండి. పైగా ఇది మొదలయ్యేది జ్వరం తగ్గుముఖం పట్టేటప్పుడే, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. హమ్మయ్య జ్వరం తగ్గింది అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం అది, అందుకే ఇన్నిసార్లు చెబుతుంటాను. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మత్తుగా పడి ఉండటం, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా జ్వరం లేకపోయినా సరే ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి.

ప్లేట్‌లెట్లు ఎక్కించమని డాక్టర్ల మీద ఒత్తిడి చేసేవాళ్లకు కూడా ఒక మాట. సింగపూర్, మలేషియాల్లో 372 మంది పెద్దవాళ్ల మీద ఒక పరీక్ష చేశారు, 2017లో ఫలితాలు వచ్చాయి. వాళ్లందరికీ ప్లేట్‌లెట్లు 20 వేలో, అంతకంటే తక్కువో ఉన్నాయి, పెద్దగా రక్తస్రావం లేదు. ముందుజాగ్రత్తగా ఎక్కించినా రక్తస్రావం తగ్గలేదు సరికదా రియాక్షన్లు ఎక్కువయ్యాయి. రక్తస్రావం అవుతుంటే అది వేరే విషయం.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు, నొప్పులు తగ్గాలని ఎవరైనా ఇంజెక్షన్ చేయబోతే అదేం మందో అడగండి, మొహమాటపడకండి.

ప్ర: హెచ్‌ఐవీ, హెపటైటిస్-సి లాంటి మొండి వైరస్‌లకే మాత్రలు ఉన్నాయి. వారం రోజుల్లో పోయే డెంగీకి ఎందుకు లేవు సార్?
– బీఫార్మసీ విద్యార్థిని, విశాఖపట్నం

జ: వారంలో పోతుంది కాబట్టే కష్టం. హెచ్‌ఐవీ ఒంట్లో ఏళ్లకేళ్లు ఉంటుంది, మందు ఎప్పుడు మొదలుపెట్టినా చేయాల్సిన పని మిగిలే ఉంటుంది. డెంగీలో జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే రక్తంలో వైరస్ తారస్థాయికి చేరుతుంది, మనం ఒకటి రెండు రోజులు చూసి, మూడో రోజు పరీక్ష చేయించుకునేసరికి అది తగ్గడం మొదలైపోతుంది. అప్పుడిచ్చే మందు చేసేదేముంటుంది? హెపటైటిస్-సి కోసం చేసిన బలాపిరవిర్‌ని వియత్నాంలో డెంగీ రోగులకు ఇచ్చి చూశారు, ఫలితం లేదు. క్లోరోక్విన్ అంతే. ఆస్ట్రేలియా చెట్టు గింజల్లో దొరికే పదార్థం నుంచి చేసిన సెల్గోసివిర్‌ని సింగపూర్‌లో పరీక్షించారు, జ్వరమూ తగ్గలేదు, వైరస్సూ తగ్గలేదు.

ఒక్క మందు మాత్రం నిజంగా ఆశ కలిగించింది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో యోహాన్ నైట్స్ బృందం జాన్సన్ కంపెనీతో కలిసి చాలా ఏళ్లు శ్రమించి మోస్నోడెన్‌విర్ అనే మాత్ర తయారుచేసింది. వైరస్ తన నకళ్లు తీసుకోవాలంటే ఎన్ఎస్3, ఎన్ఎస్4బీ అనే రెండు ప్రొటీన్లు జతకట్టాలి, ఈ మందు ఆ జతను కట్టనివ్వదు, ల్యాబ్‌లో నాలుగు రకాల మీదా పనిచేసింది. జబ్బుపడ్డాక ఇచ్చే మందులు ఎందుకు ఓడిపోతున్నాయో తెలుసు కాబట్టి దీన్ని ముందుగానే ఇచ్చి చూశారు. అమెరికాలో వాలంటీర్లకు ఐదు రోజుల ముందు నుంచి మాత్రలిచ్చి, తర్వాత బలహీనపరిచిన మూడో రకం వైరస్ ఎక్కించారు. ఎక్కువ డోసు తీసుకున్న 10 మందిలో ఆరుగురి రక్తంలో వైరస్ జాడే లేదు. ఒక ఇంట్లో ఒకరికి డెంగీ వస్తే మిగతావాళ్లకూ, ఒక హాస్టల్ గదిలో ఒకరికి వస్తే పక్క మంచాలవాళ్లకూ ఇవ్వగలిగిన మాత్ర అయ్యేది.

తర్వాత డెంగీ ఉన్న దేశాల్లో జనం మధ్య ఈ మాత్రను పరీక్షించడం మొదలుపెట్టిన కంపెనీ, 2024 అక్టోబరులో ఆ పరీక్షను మధ్యలో ఆపేసింది. భద్రత సమస్య ఏమీ లేదని, తమ పరిశోధన ప్రాధాన్యాలు మారాయని చెప్పింది. మందు పనిచేయక ఆగితే దాన్ని ఒప్పుకోవచ్చు. పనిచేసే సూచనలు కనిపిస్తున్న మందు ఇలా ఆగిపోవడం అన్యాయమని నా అభిప్రాయం. హనుమకొండ నుంచి ఆ తల్లి అడిగిన మాటకు నా జవాబు ఇదే, కొనగలిగేవాళ్లకు వచ్చే జబ్బయితే ఈ పని ఆగేది కాదు. నోవార్టిస్ కూడా ఎన్ఎస్4బీ మీదే పనిచేసే ఇంకో మందును రోగుల మీద పరీక్షల దాకా తెచ్చింది. ఫార్మసీ చదువుతున్నావు కాబట్టి చెబుతున్నానమ్మా, ఆ రెండు ప్రొటీన్ల గురించి శ్రద్ధగా చదువు.

ప్ర: 2006లో మా ఊళ్లో ఇంటింటికీ చికున్‌గున్యా వచ్చింది. మా అత్తగారు మళ్లీ వస్తుందేమోనని భయపడుతున్నారు. టీకా ఉందా?
– గృహిణి, కడప

జ: ఒకసారి వచ్చినవాళ్లకు సాధారణంగా మళ్లీ రాదు, ఆ ధైర్యం ఆవిడకు చెప్పండి. టీకాల విషయానికొస్తే, అమెరికాలో 2023లో అనుమతి పొందిన ఇక్స్‌చిక్ టీకాతో ముఖ్యంగా వయసు మళ్లినవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు కనిపించడంతో 2025 ఆగస్టులో అక్కడ దాని లైసెన్సు నిలిపేశారు. బతికున్న వైరస్ లేకుండా చేసిన ఇంకో టీకా కోసం డెన్మార్క్ కంపెనీ బవేరియన్ నార్డిక్‌తో మన బయోలాజికల్-ఇ ఒప్పందం చేసుకుంది. ఆవిడకు ఇప్పటికీ కీళ్లు పట్టేస్తుంటే దాన్ని పాత గున్యా అనుకుని వదిలేయకుండా కీళ్ల డాక్టర్‌కి ఒకసారి చూపించండి.

ప్ర: జ్వరం వచ్చిన ఎన్నో రోజున ఏ పరీక్ష చేయించాలి?
– ఆటో డ్రైవర్, కర్నూలు

జ: మొదటి ఐదు రోజుల్లో అయితే ఎన్ఎస్1, అది రక్తంలో వైరస్ ప్రొటీన్‌ని పట్టే పరీక్ష. ఐదు రోజులు దాటితే ఐజీఎం, అది వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీల్ని చూసే పరీక్ష. రెండో రోజే ఐజీఎం చేయించి నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండొద్దు. జబ్బు తగ్గాక రిపోర్టు పారేయకుండా, ఏ సంవత్సరం వచ్చిందో రాసి దాచిపెట్టండి, రేపు టీకా వేయించే రోజు వస్తే ముందు డెంగీ వచ్చిందా అని డాక్టర్ తప్పకుండా అడుగుతారు.