పరకాల అల్లునికి, కార్డు విప్పే ముందు

కాజీపేట,
ఏప్రిల్ ఆఖరు

అల్లుడూ, దీవెనలు.

కంప్యూటర్ కార్డును నీళ్ళతోని చల్లబరుస్తనని నువ్వు పంపిన వాయిస్ మెసేజీలన్నీ విన్న. మీ అత్త కూడ విన్నది. "పోరడు కంప్యూటర్ల నీళ్ళు పోస్తడట" అని నిన్నటిసంది నవ్వుతనే ఉన్నది. ఫోన్ల చెప్తే నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తవ్, తెల్లారేసరికి అంతా మరుస్తవ్. అందుకే కాయితం మీద రాస్తున్న. కార్డు విప్పేటప్పుడు పక్కన పెట్టుకో.

నీ బాధ సమజైంది. లగ్గాల సీజన్, చేతిల మూడు పెండ్లిళ్ళ వీడియోలు, స్టూడియో మీద రేకులు, బయట 43 డిగ్రీలు. పాతది కొన్న ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, రెండర్ (వీడియోను ఆఖరికి తయారు చేసే పని) పెట్టంగనే 86కు పోతున్నది, ఫ్యాన్లు పిండి గిర్నీ లెక్క మోత పెడుతున్నయ్, పని మాత్రం ముందట పడుతలేదు. 83 డిగ్రీల దగ్గరికి రాంగనే ఆ కార్డు తన వేగం తనే తగ్గించుకుంటది. దాన్ని చేసిన ఎన్విడియా కంపెనీ దానికి రాసిన ఆఖరి హద్దు 93. అంటే కార్డు కాలిపోదు గని, ఆలస్యానికి పెండ్లిపిల్ల తండ్రి కాలిపోతడు.

నేను రైల్వే డీజిల్ షెడ్డుల 31 ఏండ్లు నీళ్ళ పనే చేసిన. డబ్ల్యూడీఎం-2 ఇంజన్, 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్. అండ్ల పంపు ఉంటది, పైపులు ఉంటయ్, రేడియేటర్ ఉంటది, దాని మీద పెద్ద ఫ్యాను ఉంటది. నీ కార్డుకు పెట్టేది కూడ గదే, సైజు ఒక్కటే తేడా. నీళ్ళు చల్లదనాన్ని పుట్టియ్యవు అల్లుడా. వేడిని ఒక తావు నుంచి ఎత్తుకపోయి ఇంకో తావుల దించుతయ్, కూలీ మూట మోసినట్టు. దించుకునేది గాలి. నీ రూముల గాలి 40 ఉంటే రేడియేటర్ల నీళ్ళు 40 కంటె కిందికి రానే రావు. ఇది మనసుల పెట్టుకుంటే సగం వీడియోలు చూసే పని తప్పుతది.

ఇప్పుడు నీ బకెట్ ప్లాను సంగతి. 20 లీటర్ల బకెట్, అండ్ల కూలర్ మోటార్, కార్డు మీద నీళ్ళు పారే రాగి బ్లాకు, రేడియేటర్ లేదు, ఖర్చు రెండు వేలు. వినడానికి మంచిగున్నది. లెక్క చూద్దాం. లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 4,180 జౌళ్ళు కావాలె. నీ కార్డు 220 వాట్లు, అంటే సెకనుకు 220 జౌళ్ళు. 20 లీటర్లు ఒక డిగ్రీ పెరగడానికి ఆరు నిమిషాల మీద కొంచెం. గంటకు 9 డిగ్రీలకు పైనే. బకెట్ పక్కల నుంచి కొంత వేడి పోతది, కాదంట లేను. అయినా నాలుగు గంటల రెండర్ అయ్యేసరికి అవి స్నానానికి తోడుకునే నీళ్ళయితయ్. గంట గేమ్ ఆడుకునే పోరనికి బకెట్ నడుస్తది. రాత్రంతా రెండర్ పెట్టేటోనికి నడువది.

"రంజన్ల పోస్తే చల్లగ ఉంటయి గద మామా" అన్నవ్. ఆ మాట అన్నందుకు నీ మీద నాకు ఇష్టం పెరిగింది, ఎందుకంటే అది తప్పు సోంచాయింపు కాదు. రంజన్ చెమర్చి చల్లబడుతది. గని 220 వాట్ల వేడిని చెమటతోనే తీసెయ్యాలంటే గంటకు దగ్గర దగ్గర 330 మిల్లీలీటర్ల నీళ్ళు ఆవిరి కావాలె. ఇంట్ల పెట్టుకునే రంజన్ అంత చెమర్చదు. ఐసు గడ్డల ముచ్చట అసలే వద్దు. గాలిల తేమ చల్లటి బ్లాకు మీద బొట్లు బొట్లుగ పేరుకుంటది, ఐసు నీళ్ళ గిలాస మీద పేరుకున్నట్టు. ఆ బొట్టు జారి కార్డు మీద పడ్డదంటే అంతే సంగతి. ఇంకోటి, కూలర్ మోటార్ 230 వోల్టులది. దాని వైరు తోలు లేస్తే బకెట్ల నీళ్ళకు కరెంటు, ఆ నీళ్ళు పోయేది నీ కంప్యూటర్ లోపలికి. 12 వోల్టులు దాటింది ఏదీ ఆ నీళ్ళ దగ్గరికి రానియ్యకు.

నేనెందుకింత గట్టిగ చెప్తున్ననో మీ బావకు తెలుసు. 2016ల వాని జీటీఎక్స్ 970కి ఇదే తీరు ఇకమతు చేసిన. స్క్రాపు దుకాణంల పాత కారు హీటర్ కోర్ (చిన్న రేడియేటర్ లాంటిది) దొరికింది, 250 రూపాయలకు. ఏసీ మెకానిక్ దగ్గర పైపులు. రాగి బ్లాకు ఆన్‌లైన్ల తెప్పిచ్చిన. నీళ్ళు మన బోరువే పోసిన! షెడ్డుల ఇంజన్‌కు ఉప్పులు తీసేసిన నీళ్ళు, అండ్ల తుప్పు పట్టకుండ మందు, నెలనెలా పరీక్ష. ఆ పని చేసి చేసి పించన్ దగ్గరికి వచ్చినోడిని, ఇంట్ల బోరు నీళ్ళు పోసిన. గీజర్‌ల తెల్లగ పెచ్చులు కట్టే నీళ్ళు అవి. పైగా ఆ కోర్ అల్యూమినియంది, బ్లాకు రాగిది. రెండు లోహాలు ఒకే నీళ్ళల్ల కలిస్తే అది బ్యాటరీ అయితది, అల్యూమినియం కరిగిపోతది. రెండు నెలలు మస్తు నడిచింది. నేను వాడకట్టంతా తిరిగి చెప్పుకున్న. మూడో నెల బ్లాకుల బూడిద రంగు బురద. ఆ తర్వాత కోర్‌కు సన్నపు తూటు పడ్డది, తెల్లారి చూస్తే కార్డు తడిసి ఉన్నది. 970 పోయింది. మీ బావ వారం రోజులు నాతోని మాట్లాడలే.

అందుకే చెప్తున్న, నీళ్ళకు పోయే ముందు ఉత్తగ అయ్యే పనులు చేసుకో.

మొదలు కార్డు తీసి దులుపు. మీ పరకాల దిక్కు పత్తి కాలంల గాలిల దూది పోగులు ఎట్ల ఎగురుతయో నీకు చెప్పే పని లేదు. అవి పోయి వేడి లాగే హీట్‌సింకు రేకుల మధ్యన మెత్త లెక్క కూసుంటయ్. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితోని పట్టుకో, అది గిర్రున తిరిగితే వెనుకకు కరెంటు పుట్టి కార్డుకు నష్టం. ఆ తర్వాత చిప్పుకు, హీట్‌సింకుకు నడుమ పూసే పేస్ట్ మార్చు. పాత కార్డు కాబట్టి లోపల పేస్ట్ సున్నం లెక్క ఎండి ఉంటది. మెమొరీ చిప్పుల మీద ఉండే ప్యాడ్లు చినిగితే, అదే మందం చూసి తెచ్చుకో. 1 మిల్లీమీటర్ ఉన్న కాడ ఒకటిన్నర పెడితే హీట్‌సింకు లేచి కూసుంటది, అసలు చిప్పుకు తాకది. చాన మంది పేస్ట్ మార్చినంక వేడి పెరిగిందని ఏడిసేది గిందుకే.

ఇంకా అసలు పని కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్‌బర్నర్ల ఉన్నది. పవర్ లిమిట్ 80 శాతానికి దించు. 220 కాస్త 176 వాట్లు అయితది, వేగం పోయేది మాత్రం ఐదారు శాతం లోపే. ఓపిక ఉంటే వోల్టేజ్ గీత సరిచెయ్యి, 900 మిల్లీవోల్టుల దగ్గర 1,800 మెగాహెర్ట్జ్ నిలబెట్టి చూడు. రెండర్ మధ్యన ఆగిపోతే పది పది మెగాహెర్ట్జ్ తగ్గించుకుంట పో. పుట్టని వేడిని మోసే పని ఉండదు కద. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు, అందుకేనేమో దీని మీద ఎవ్వడూ వీడియో మంచిగ తియ్యడు.

రూము సంగతి కూడ చూడు. రేకుల మీద సున్నం కొట్టియ్యి. కూలర్ పెట్టుకో, గని కాబినెట్‌కు ఎదురుంగ కాకుండ పక్కకు తిప్పు. కూలర్ గాలితోని సన్నటి తుంపర వస్తది, అండ్ల ఉన్న ఉప్పు మదర్‌బోర్డు మీద ఎండుతది. రూము పది డిగ్రీలు తగ్గితే కార్డు కూడ దగ్గర దగ్గర పది తగ్గుతది. అది చిన్న ఫాయిదా కాదు.

ఇవన్నీ చేసినంక కూడ 80 దాటుతున్నదా, ఆ మోత భరించలేవా, అప్పుడు నీళ్ళు పెడదాం. సొంతంగ అతికిచ్చే పైపులు, ట్యాంకు, బ్లాకు అన్నీ విడివిడిగ మంచివి కొంటే 30 వేలు దాటుతది. ఆ పైసలతోని ఇంకో పాత కార్డే వస్తది. మనకు అక్కరకు వచ్చేది ప్రాసెసర్‌కు పెట్టే ఏఐఓ కూలర్. పంపు, పైపులు, రేడియేటర్ కంపెనీలనే సీలు చేసి వస్తది, నీళ్ళు పోసే పనే లేదు. 240 మిల్లీమీటర్లది కొత్తది నాలుగైదు వేల దగ్గర దొరుకుతది. 120ది కూడ 220 వాట్లను మోస్తది గని ఫ్యాను ఊపిరాడకుండ ఉరకాలె, మోత తగ్గిద్దామనే కద మన తిప్పలు.

పాతది కొనాలనుకుంటే చెవి దగ్గర పెట్టి ఊపి చూడు. లోపల నీళ్ళు బాగ గలగలమంటే రబ్బరు పైపుల నుంచి ఏండ్ల తరబడి ఆవిరైపోయినయ్ అన్నట్టు. ఐదారేండ్లు నడిచినదాన్ని ముట్టకు.

పంపు తల గుండ్రంగ ఉండేది చూసుకో, పట్టీ బిగియ్యడానికి సులువు. వెనుకట క్రాకెన్ జి12 అని దీనికోసమే ఒక ఫ్రేము వచ్చేది, ఇప్పుడు కొత్తది దొరకదు. నువ్వు చేపిచ్చుకునుడే. కార్డు మీద చిప్పు చుట్టూ నాలుగు తూట్లుంటయ్, వాటి మధ్య దూరం స్కేలుతోని కాదు, వెర్నియర్‌తోని కొలువు. రెండు మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పట్టీ తీసుకపోయి వరంగల్‌ల ఏ లేత్ దుకాణంలనైనా తూట్లు వేపిచ్చుకో. కార్డు వెనుక దిక్కు స్క్రూల కింద ఫైబర్ వాషర్లు పెట్టు, ఇనుము బోర్డుకు తాకొద్దు. స్క్రూలకు చిన్న స్ప్రింగులు. కొందరు కేబుల్ టైలతోని కడుతరు. చూసేందుకు ఒక పూట కట్టు, అంతే. మన ఎండకు ఆ ప్లాస్టిక్ సాగి పట్టు వదులుతది.

బిగించుడు జాగ్రత్త. ప్రాసెసర్ మీద లోహపు మూత ఉంటది, గ్రాఫిక్స్ చిప్పుకు ఉండదు, అద్దం లెక్క ఉత్త సిలికాన్. ఒక్క మూల గట్టిగ తిప్పితే ఇంకో మూల పెచ్చు లేస్తది. సిలిండర్ హెడ్ బిగిచ్చినట్టు ఎదురెదురు మూలలు, ఒక్కోటి సగం చుట్టు, మళ్ళ మొదటిది. షెడ్డుల బేరింగు కూసున్నదా లేదా చూసేందుకు నీలిరంగు పూసి తాకిచ్చి తీసి ఆ అచ్చు చూసేటోళ్ళం. నువ్వు పేస్ట్‌తోనే చూడు. సన్నగ పూయ్యి, బిగియ్యి, మళ్ళ విప్పు. చిప్పు మీదంతా ఒకే తీరుగ పరుచుకుంటే సరే. ఒక దిక్కు మందంగ ఉంటే పక్కన ఏదో కెపాసిటర్ బ్లాకుకు తగులుతున్నట్టు. అప్పుడు మధ్యన రాగి రేకు ముక్క పెట్టాలె. పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ పూయ్యమని ఎవ్వడన్నా చెప్తే వినకు, ఒక చుక్క జారితే బోర్డు షార్టు.

నీళ్ళ బ్లాకు అసలు చిప్పునే చల్లబరుస్తది. మెమొరీ చిప్పులు, కరెంటు ఇచ్చే వీఆర్‌ఎం భాగం ఇన్నొద్దులు ఆ పాత హీట్‌సింకు మీదనే ఆధారపడ్డయ్, దాన్ని తీసేస్తే అవి దిక్కులేనివి. నాకు తెలిసిన ఒక పోరడు చిప్పు 55 చూపిస్తున్నదని పండుగ చేసుకున్నడు, నెలకు వీఆర్‌ఎం కాలింది. కొన్ని కార్డులల్ల మెమొరీ మీద విడి పలక ఉంటది, ఉంటే దాన్ని తియ్యకు. లేకుంటే చిన్న చిన్న అల్యూమినియం హీట్‌సింకులు అంటియ్యి, వాటి మీదికి గాలి కొట్టేటట్టు 92 మిల్లీమీటర్ల ఫ్యాను ఒకటి కట్టు. టేపు జిగురు మీద భరోసా పెట్టుకోకు, కార్డు బోర్లా ఉంటది, వేడికి జిగురు మెత్తబడి అవి రాలుతయ్. థర్మల్ గ్లూ చుక్క మూలలకు పెట్టు.

పంపు వైరు కార్డు ఫ్యాన్ పిన్నుకు పెట్టకు. అది వేగం తగ్గిచ్చుకుంట పెంచుకుంట ఉంటది, పంపుకు ఎప్పుడూ నిండు 12 వోల్టులు కావాలె. కంప్యూటర్‌కు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ నుంచే తియ్యి. రేడియేటర్‌ను కాబినెట్ ముందట నిలువుగ బిగియ్యి, పైపులు కిందికి, దాని పై అంచు పంపు కంటె ఎత్తుల. గాలి ఎప్పుడైనా ఎత్తుకే చేరుతది. పంపే అన్నిటికంటె పైన ఉంటే గాలి పోయి అండ్ల చిక్కుతది, గుళగుళమని చప్పుడు చేసి పంపు చస్తది. డీజిల్ ఇంజన్‌ల ఎయిర్‌లాక్ వచ్చినప్పుడు మేము తెల్లారిందాక మేలుకున్న రాత్రులు గుర్తున్నయి.

అన్నీ కుదిరితే 40 డిగ్రీల రూములనే కార్డు 70 అటు ఇటు నిలుస్తది, ఫ్యాన్ల మోత సగానికి సగం తగ్గుతది. యాభై అని ఎవడన్నా చూపిస్తే వాడు ఏసీల కూసున్నడు.

ఎలుకల సంగతి మరిచిన. స్టూడియోల ఉన్నయంటివి కద. ఆ రబ్బరు పైపులంటే వాటికి ఇష్టం. కాబినెట్ వెనుక తూట్లకు జాలి కొట్టు.

ముందుగాల దులుపుడు, పేస్ట్, పవర్ లిమిట్, ఈ మూడు చేసి రెండు రాత్రులు రెండర్ పెట్టి నంబర్లు నాకు పంపు. అప్పటిదాక కూలర్ కొనకు. కొనాల్సి వస్తే ఆదివారం కార్డు పట్టుకొని కాజీపేట రా, నా దగ్గర వెర్నియర్ ఉన్నది, పట్టీ కొలత ఇక్కడనే తీద్దాం. వచ్చేటప్పుడు బకెట్ కోసం కొన్న ఆ కూలర్ మోటార్ పట్టుకరా. మన ఇంటి కూలర్‌ది మొన్ననే కాలింది, మీ అత్త రోజూ నన్ను తిడుతున్నది.

నీ మామ