వారపత్రికలో రాస్తానంటోంది మా అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఫైనలియర్. కాలేజీకి ఓ సీనియర్ జర్నలిస్టు వచ్చారు. ముప్పై ఏళ్లు వారపత్రికలో పనిచేసి, పుస్తకాలూ రాశారట. ఆయన మాటలు విన్న దగ్గర్నుంచి తనూ అదే చేస్తానంటోంది. మేం బ్యాంకు పరీక్షలు రాయమంటున్నాం. మాకు టెన్షన్‌గా ఉంది. ఇందులో బతుకుతెరువు ఉందా?
- ఓ తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ఆ పెద్దాయన నడిచిన దారి ఇప్పుడు చాలావరకు మూసుకుపోయింది. అప్పట్లో నాలుగు కథలు పంపి, ఎడిటర్ కంట్లో పడి, సబ్ ఎడిటర్‌గా చేరితే అదే డెస్క్‌లో రిటైరయ్యేవారు. 2020లో కరోనా దెబ్బకు కొన్ని పత్రికలు అచ్చే ఆపేశాయి. ఆ ఉద్యోగాలు తగ్గాయి గానీ ఆ పని పోలేదు. ఆదివారం అనుబంధాల్లో, వెబ్‌సైట్లలో ఉంది.

ఆ పనేమిటంటారా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లకు వేట నిషేధం. దినపత్రికకు మొదటి రోజు వార్త, ఆఖరి రోజు ఫొటో చాలు. మ్యాగజైన్‌కి రాసేవాళ్లకు ఆ మధ్య రోజులు కావాలి. ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కట్టేసి ఉన్నప్పుడు ఐస్ మోసే కూలీ ఏం పనికి వెళ్తాడు? గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో తిరిగే ఆవిడ చేపలు ఎక్కణ్నుంచి తెచ్చుకుంటుంది? అప్పు ఎవరిస్తారు, వేట మొదలయ్యాక ఎలా రాబట్టుకుంటారు? మొదటి రోజే ఎవరూ చెప్పరు. నాలుగోసారి వెళ్లినప్పుడు టీ తాగుతూ చెబుతారు. అలాంటి నోట్‌బుక్కులు పోగైతేనే పుస్తకం. కథా రచయిత రావిశాస్త్రి గారు మన విశాఖలోనే లాయరుగా చేశారు. కోర్టు చుట్టూ తిరిగిన మనుషులే ఆయన కథల్లోకి వచ్చారు.

డబ్బు సంగతి దాచను. ఫ్రీలాన్స్ పారితోషికంతో ఇల్లు గడవదు. నేనూ ఒకప్పుడు ఓ పత్రికకు రాశాను, రెండు చెక్కులు ఇప్పటికీ రాలేదు. తెలుగులో చాలామంది పుస్తకం సొంత డబ్బుతోనే వేసుకుంటారు. కాబట్టి ముందు జీతం ఉండాలి. ఏపీ పీజీసెట్ రాస్తే ఆంధ్రా యూనివర్సిటీలోనే జర్నలిజం పీజీ చేయొచ్చు. పెద్ద పత్రికల జర్నలిజం స్కూళ్లు స్టైపెండ్ ఇచ్చి నేర్పుతాయి, బాండ్ పెడితే మాత్రం పూర్తిగా చదివాకే సంతకం.

బ్యాంకు పరీక్షకూ అప్లై చేయించండి, తప్పేం లేదు. ఈలోగా తనని ఓ ఆదివారం తెల్లవారుజామున హార్బర్‌లో చేపల వేలం దగ్గరికి పంపండి. మర్నాడు మళ్లీ తనంతట తానే వెళ్తానంటే, అప్పుడు నాకు ఇంకో ఉత్తరం రాయండి.