పజిల్స్ అంటే పేజీ తిప్పేసే నన్ను హాస్టల్ బాత్రూమ్ క్యూ దారిలో పెట్టింది

"ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నా, ఐలెట్ (ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష) రాయాలి. సీటింగ్ అరేంజ్‌మెంట్ (ఎవరి పక్కన ఎవరున్నారో తేల్చే పజిల్) కనబడితే పేజీ తిప్పేస్తున్నా. వీటిమీద ఇష్టం ఎలా పుడుతుంది?" అని ఒకరు అడిగారు. నేనూ పేజీ తిప్పేసిన బాపతే. కానీ ఐలెట్‌లో 150 ప్రశ్నలుంటే అందులో 70 లాజికల్ రీజనింగే. అన్నీ పజిల్సే అని కాదు గానీ, వాటిని వదిలేసి నెట్టుకొద్దామంటే నాలాగే అవుతుంది. 2022లో రాసిన మొదటి మాక్‌లో (నమూనా పరీక్షలో) ఆ 70కి నాకు 19 వచ్చాయి.

కోచింగ్‌లో చెప్పిన మందు ఒక్కటే: రోజుకి పది సెట్లు (ఒక పజిల్, దాని మీద ప్రశ్నలు కలిపి ఒక సెట్), పక్కన స్టాప్‌వాచ్. నెల రోజులు బుద్ధిగా చేశాను. వేగం పెరగలేదు సరికదా, "ఎనిమిది మంది ఒక గుండ్రటి బల్ల చుట్టూ" అని చదవగానే కడుపులో తిప్పడం మొదలైంది.

అప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండేదాన్ని. ఐదుగురికి ఒక బాత్రూమ్. పొద్దున్నే ఎవరి తర్వాత ఎవరన్నది రోజూ పంచాయితీ. ఓ రాత్రి రూమ్మేట్‌ని ఏడిపిద్దామని మెస్ బిల్లు వెనకాల ఆ క్యూనే పజిల్‌గా రాసిచ్చాను (పేర్లు మార్చాను). రజియాకీ లావణ్యకీ మధ్య సరిగ్గా ఇద్దరున్నారు. మౌనిక వెనకాలే దివ్య ఉంది. శ్రావణి మొదటా లేదు, చివరా లేదు. వరస చెప్పు.

ఆమె ఐదు గీతలు గీసి, కాసేపు చూసి, "నీ మొహం, ఇది కుదరదే" అంది. నిజమే. రజియాకీ లావణ్యకీ మధ్య రెండు చోట్లు వదిలితే బయట మిగిలేది ఒక్కటే, అదీ ఏదో ఒక కొస. ఒకరి వెనకాల ఒకరు నిలబడాల్సిన మౌనిక, దివ్యలకి పక్కపక్కన దొరికేవి మధ్యలోని ఆ రెండు చోట్లే. ఇక శ్రావణికి కొస తప్ప గతి లేదు. నేనేమో కొసన లేదని రాశాను!

ఆ జంట వెళ్ళి ఆ ఖాళీలో టక్కున సర్దుకోవడం చూశానే, నెల రోజుల సెట్లలో అది నాకు ఒక్కసారీ కనబడలేదు. ఎందుకంటే నేను ఆప్షన్లు ఒక్కొక్కటీ పెట్టి చూసి కొట్టేసుకుంటూ పోయేదాన్ని. శ్రావణి క్లూ తీసేసి "శ్రావణి చివర లేదు, రజియా లావణ్యకన్నా ముందుంది" అని మార్చాను. మీరూ ఓ కాగితం మీద వేసి చూడండి, ఒకే ఒక్క వరస వస్తుంది.

అప్పట్నుంచీ రాత్రి భోజనాలయ్యాక చెరొకటి తయారుచేసుకోవడం అలవాటైంది. నా సలహా కూడా ఇదే: మొదటి మూడు వారాలు గడియారం పక్కన పడేసి, రోజుకి రెండు విప్పండి, ఒకటి సొంతంగా అల్లండి. అల్లేటప్పుడే తెలుస్తుంది, ఏ క్లూ ఎక్కువ చోట్లను కట్టిపడేస్తుందో, ఏది తీసేసినా ఏమీ కాదో. ఆ తర్వాత పేపర్లో సెట్ కనబడితే మొదటి వాక్యం నుంచి కాకుండా ఆ గట్టి క్లూ దగ్గర మొదలుపెడతారు.

లాజికల్ రీజనింగ్‌లోనే ఎవరు ఎవరికి ఏమవుతారని అడిగే రక్తసంబంధాల ప్రశ్నల్లో మన తెలుగువాళ్ళకి ఒక లాభం, ఒక గొయ్యి ఉన్నాయి. పెళ్ళిలో ఎవరైనా ఎదురైతే మా అమ్మమ్మ "వాడు నీకు వరసకి ఏమవుతాడంటే" అని మూడు తరాలు వేళ్ళమీద లెక్కేసేది. ఆ లెక్క వింటూ పెరిగినవాళ్ళకి ఈ ప్రశ్నలు కొత్తేం కాదు. గొయ్యి ఏంటంటే, అంకుల్ అంటే మనకి బాబాయో, పెదనాన్నో, మామయ్యో తేలాలి. తేలకపోతే మనసు ఊరుకోదు. నేను మామయ్య అని ఖాయం చేసేసి, అమ్మ వైపు గీత గీసేసేదాన్ని. తీరా చూస్తే జవాబు "చెప్పలేం". కజిన్ ఇంకా ఘోరం, ఆడో మగో కూడా చెప్పదు ఆ మాట. అలాంటిచోట ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్ళిపోవడం నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

రుచి తగిలాక ఇంకా కావాలనిపిస్తే అమెరికాలో లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ పాత పేపర్లు చూడండి. 35 నిమిషాల్లో నాలుగు "లాజిక్ గేమ్స్" ఇచ్చేవాళ్ళు. 2024 ఆగస్టు నుంచి ఆ సెక్షన్ ఎత్తేశారు గానీ, అల్లిక మాత్రం చాలా శుభ్రంగా ఉంటుంది. మన మాక్‌లలోలాగా రెండు జవాబులొచ్చే తప్పుడు సెట్లు నాకైతే తగల్లేదు.

ఇష్టం పుట్టాక కొత్త తంటా ఒకటుంది, ముందే చెప్తున్నా. ఐలెట్‌కి ఇప్పుడు 120 నిమిషాలు, 150 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత. అసలు పరీక్షలో ఓ మొండి సెట్ నాకు తెగ నచ్చేసి, దానిమీదే పదిహేను నిమిషాలు కూర్చున్నాను. విప్పాను కూడా. ఐలెట్‌లో సీటు రాలేదు. వారం తర్వాత రాసిన క్లాట్‌తో (మిగతా నేషనల్ లా యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్షతో) వేరేచోట చేరాను. కాబట్టి పరీక్షకి రెండు నెలల ముందు గడియారాన్ని మళ్ళీ బయటికి తీయండి, ఏ సెట్ వదిలేయాలో చూసుకోవడానికి.

అన్నట్టు, పైన క్యూలో మీకు ఆఖరున ఎవరు తేలారో, వాళ్ళే నేను. ఏడున్నరకి క్లాసు. వేణ్ణీళ్ళు ఒక్కరోజూ మిగల్లేదు.