మీ పాప అడిగిన షుగర్ ప్రశ్న కరెక్టేనమ్మా, ఇక కోర్సు సంగతి చూద్దాం

తెనాలి దగ్గర్నుంచి ఒకావిడ రాశారు: "మేడమ్, మా పాప ఇంటర్ బైపీసీ, నీట్ రెండోసారి రాసినా సీటొచ్చే ర్యాంకు రాలేదు. ఇప్పుడు డిగ్రీలో బయోకెమిస్ట్రీ తీసుకుని ప్రోటీన్లకి అతుక్కునే చక్కెరల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. మా మరిది బీఫార్మసీలో చేర్చెయ్యమంటున్నాడు. ఈ చక్కెరల చదువు కూడు పెడుతుందా? వాళ్ళ నాన్న రిపోర్ట్‌లో హెచ్‌బీఏ1సీ 8.2 వస్తే, నాన్నకి రక్తం తక్కువ కదా, మరి ఈ నంబర్ నమ్మొచ్చా అని ల్యాబ్ అబ్బాయిని పది నిమిషాలు నిలబెట్టేసింది, నాకు సిగ్గేసింది."

అమ్మా, సిగ్గెందుకండీ, చాలామంది ఏళ్ళ తరబడి ఆ టెస్ట్ చేయించుకుంటూ కూడా ఆ ప్రశ్న అడగరు. రక్తంలో తిరిగే గ్లూకోజ్ పోయి ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి దానంతటదే అతుక్కుంటుంది, అతుక్కున్నాక ఇక ఊడదు, ఆ ఎర్రకణం బతికే సుమారు 120 రోజులూ అలాగే ఉంటుంది, అలా చక్కెర అతుక్కున్న హిమోగ్లోబిన్ ఎంత శాతమో చెప్పేదే హెచ్‌బీఏ1సీ, అందుకే ఆ నంబర్ చూసి రెండు మూడు నెలల షుగర్ సంగతి చెప్తారు. మరి ఏ జబ్బు వల్లో ఎర్రకణాలు త్వరగా చచ్చిపోతున్నాయనుకోండి, చక్కెర అతుక్కునే టైమే ఉండదు, నంబర్ తక్కువ చూపిస్తుంది. ఐరన్ లోపం వల్ల రక్తం తక్కువైతే దానికి రివర్స్, ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. మీ పాప ఇదంతా చదివి అడిగిందో, తనకే తట్టిందో తెలీదు గానీ, ఏదైనా సరే ఈ సబ్జెక్టుకి కావాల్సిన బుర్ర అదే.

ఇంకో సంగతి తనకి చెప్పండి, చాలామంది ఇక్కడే కన్ఫ్యూజ్ అవుతారు. పైన చెప్పింది గ్లైకేషన్, అంటే చీర మీద పడ్డ మరక లాంటిది, ఎవరూ కావాలని వెయ్యలేదు, పడిపోయిందంతే. పెనం మీద దోసె అంచు ఎర్రబడేదీ ఈ రకం కెమిస్ట్రీయే, ఒంట్లో నెమ్మదిగా ఏళ్ళ తరబడి జరిగి కళ్ళనీ కిడ్నీలనీ దెబ్బతియ్యడంలో దానికీ చెయ్యుంది. గ్లైకోసిలేషన్ వేరు. అది జాకెట్టుకి మగ్గం వర్క్ చేయించినట్టు, ఏ పూస ఎక్కడ కుట్టాలో లెక్క ఉంటుంది, కణం లోపల ఎంజైములు ఒక్కొక్క చక్కెరనీ వరసగా తగిలిస్తాయి. మన బ్లడ్ గ్రూపులు ఈ పూసల తేడానే కదా, ఎర్రకణం మీద గొలుసు చివర ఒక చక్కెర ఉంటే ఏ, ఇంకోటుంటే బీ, రెండూ లేకపోతే ఓ. అసలు ఆ గొలుసుకి పునాది చక్కెర కూడా లేనివాళ్ళు ఉన్నారు, 1952లో బొంబాయిలో కనిపెట్టారు కాబట్టి బాంబే గ్రూప్ అంటారు, మామూలు టెస్ట్‌లో ఓ అనే వస్తుంది గానీ ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదకొస్తుంది. ఒక్క చక్కెర తేడా అంతే చూడండి! ఫ్లూ వైరస్ మన కణాల్లోకి దూరేది కూడా పైనున్న సియాలిక్ యాసిడ్ అనే చక్కెరని పట్టుకునే. కొందరు పిల్లలు ఈ కుట్టే ఎంజైముల్లో లోపంతోనే పుడతారు, ఎదుగుదల, నడక, లివర్ అన్నీ దెబ్బతింటాయి, ఆ రకాల్లో ఒకదానికి మాత్రం మానోజ్ అనే చక్కెర నోటితో ఇస్తే తగ్గుతుంది, ఈ ఫీల్డ్‌లో నాకు బాగా నచ్చే విషయం అదొకటి.

ఇక కూడు సంగతి. ఇన్సులిన్‌కి చక్కెర గొలుసు లేదు కాబట్టి బ్యాక్టీరియాలో తయారు చేసేస్తారు. క్యాన్సర్‌కి వాడే యాంటీబాడీ మందులూ, కిడ్నీ పేషెంట్లకిచ్చే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షనూ అలా కుదరవు, మనకి సరిపడే చక్కెరలు కుట్టడం మామూలు బ్యాక్టీరియాకి రాదు, చిట్టెలుక జాతి హ్యామ్‌స్టర్ కణాల్లో పెంచుతారు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్ళు 2007లో తెచ్చిన రిటుక్సిమాబ్ ఈ రకం మందే, వేరే కంపెనీ ఒరిజినల్ మందుకి సాటిగా చేసింది, ఇలాంటివాటిని బయోసిమిలర్ అంటారు. ఇలాంటి మందు ప్రతి బ్యాచ్‌లోనూ చక్కెరలు ఒరిజినల్‌లో ఉన్నట్టే ఉన్నాయా అని చూడాలి, ఆ పని మనుషులే చెయ్యాలి. శాంపిల్ తీసుకుని ఎంజైమ్‌తో చక్కెరల్ని ప్రోటీన్ నుంచి విడదీసి, వాటికి మెరిసే రంగు తగిలించి హెచ్‌పీఎల్‌సీ అనే, కలిసున్నవాటిని విడివిడిగా చూపించే మిషన్లోకి పంపుతారు, స్క్రీన్ మీద జీ0ఎఫ్, జీ1ఎఫ్, జీ2ఎఫ్ అని వరసగా కొండల్లా లేస్తాయి, జీ పక్కనున్న అంకె గెలాక్టోజ్ అనే చక్కెరలు ఎన్నో చెప్తుంది, ఎఫ్ అంటే ఫ్యూకోజ్ అనే ఇంకో చక్కెర. ఆ ఫ్యూకోజ్ తగ్గితే మందు క్యాన్సర్ కణాన్ని చంపించే జోరు పెరుగుతుంది, మానోజ్ గొలుసులు ఎక్కువైతే రక్తంలోంచి త్వరగా వెళ్ళిపోతుంది. అందుకే ఒక కొండ ఎత్తు తేడా వస్తే బ్యాచ్ ఆగిపోవచ్చు. బయోసిమిలర్ కంపెనీల్లో ఈ పని తెలిసినవాళ్ళు కావాలి, హైదరాబాద్ దగ్గర మందుల కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ వైపూ బెంగళూరులోనూ వెతుక్కోవచ్చు.

కానీ అమ్మా, ఉన్నదున్నట్టు చెప్తాను, ఒట్టి డిగ్రీతో ఈ ఉద్యోగం దొరకడం కష్టం, దొరికినా జీతం చిన్నదే, ఎమ్మెస్సీ దాకా చదివించగలం అనుకుంటేనే ఈ దారి పట్టండి. ఇంట్లో నాలుగేళ్ళలో సంపాదన మొదలవ్వాలి అంటే మీ మరిది చెప్పింది తప్పు కాదు, బీఫార్మసీ చేసి జీప్యాట్ అనే ఎంట్రన్స్ రాసి, ఫార్మసీ పీజీ చెప్పే కేంద్ర సంస్థ నైపర్‌కి వెళ్ళినా ఇదే పనికి చేరొచ్చు, కాస్త చుట్టు తిరుగుడంతే. బయోకెమిస్ట్రీయే అయితే పక్కన కెమిస్ట్రీ వదలొద్దని చెప్పండి, చక్కెరల చదువంటే సగం ఆర్గానిక్ కెమిస్ట్రీయే, 2022లో కెమిస్ట్రీ నోబెల్ తీసుకున్న కరోలిన్ బెర్టోజీ గారు కణాల మీది చక్కెరల్ని చూడ్డానికే తన పద్ధతి కనిపెట్టారు. తర్వాత ఎమ్మెస్సీ సీటు కోసం ఐఐటీ జామ్ ఎంట్రన్స్ రాయొచ్చు, సీయూఈటీ పీజీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ట్రై చెయ్యొచ్చు. రీసెర్చ్ వైపే మనసుంటే నెట్ అనే పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే రీసెర్చ్ చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్, తెచ్చుకోవాలి, 2023 నుంచి నెలకి 37,000 చేశారు, అప్పుడు పీహెచ్‌డీ కోసం మీ చేతి డబ్బు పెద్దగా పడదు.

కాలేజీ చూడ్డానికి వెళ్ళినప్పుడు బిల్డింగ్ కాదు, ల్యాబ్ చూపించమనండి. హెచ్‌పీఎల్‌సీ ఉందన్నారా, ఈ నెలలో పిల్లలతో ఎన్నిసార్లు నడిపించారో అడగండి. మిషన్ మీద కవర్ కప్పి దుమ్ము పట్టి ఉంటే ఇంకో కాలేజీ చూడండి.

మీవారి విషయం కూడా మర్చిపోకండి. ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు హిమోగ్లోబిన్ రిపోర్ట్ కూడా పట్టుకెళ్ళి, రక్తం తక్కువుంది కదా, ఈ 8.2ని అలాగే తీసుకోవాలా అని అడగండి, అప్పటిదాకా మందులేవీ మీ అంతట మీరు తగ్గించొద్దు. పాపని కూడా తీసుకెళ్ళండి, ప్రశ్న తననే అడగనివ్వండి.